కాలని రాగి

కాలిన మోటరు ఎట్ల వాసనొస్తదో తెల్వకపోతే
చండూరు బస్టాండెనుక నా కొట్టుకు రాండ్రి.
వార్నిషు మాడి, రాగి నల్లవడి,
పట్టి గుంజితే ఎండిన పేగు లెక్క ఊడొస్తది తీగ.
ఎండకాలం దినానికి ఆరు మోటర్లు.
ఇరవై రెండేండ్లు ఆ మాడు వాసన తిని బతికిన.

ఇస్లావత్ హర్యా కువైట్ నుంచి దిగిననాడు
సంచి ఇప్పిచ్చి అడిగిన్రట, బంగారమేమన్న ఉన్నదా అని.
ఉన్నదని క్లాంపు మీటరు తీసి చూపెట్టిండు.
పదకొండేండ్ల నౌకరికి వాడు తెచ్చుకున్నది అదొక్కటే.
పసుపుపచ్చది, ఎండ్రికాయ కొండి లెక్క నోరు తెరుస్తది,
తీగను కొరకకుండనే
లోపల ఎంత పారుతున్నదో చెప్తది.

"గాడ నూనె నీళ్ళ లెక్క మామా, నీళ్ళు నూనె లెక్క.
నూనె కాల్చి సముద్రంల ఉప్పు తీస్తరు.
రెండు నెలలు ఊరికి పోయొచ్చినా
ఇంట్ల ఏసీ తిరుగుతనే ఉంటది,
మనిషి లేని సోఫాలు సలికి వణుకుతుంటయి.
పెద్ద బజారు తలుపులు బార్లా తెరిచి
ఎడారికి సల్లగాలి పోస్తుంటిమి."

"ఎవ్వడూ అడగడా?"
"బిల్లు రానోనికి అడుగుడెట్లొస్తది?"

తర్వాత ఎవడో లెక్కలాయన వచ్చిండట.
అమ్ముకునే సరుకు ఇంట్లనే తగలేస్తున్నమన్నడట,
కల్లు దుకాణమాయన కుండ తనే ఎత్తినట్టు.
అప్పుడు పడ్డది హర్యాకు పని.
పద్దెనిమిదిని ఇరవై నాలుగు చేసిండు.
పైపులకు బొంతలు చుట్టిండు.
ఆగస్టు నెల, పగటాల మూడు గొట్టంగ,
ఊరు ఊరంతా ఒక్కసారి గుంజే గడియల,
ఈ చిల్లరు పది నిమిషాలు, ఆ చిల్లరు పది నిమిషాలు
వంతులేసి ఆపిండు.
"కింద వేలమంది మామా.
ఒక్కడన్న చెమట తుడుసుకోలే."

ఇంటికొచ్చి చూస్తే ఈడ గూడ గదే కువైటు.
ఒక్క ట్రాన్స్‌ఫార్మరు, ఏడు బోర్లు, అన్నిటికీ ఆటో స్టార్టర్లు.
కరెంటు పోయి వచ్చిందంటే
ఏడు మోటర్లు ఒక్కపాలే లేస్తయి,
ఒక్క గడపల ఏడుగురు దూరినట్టు.
ట్రాన్స్‌ఫార్మరు మూలుగు నా కొట్టుదాక ఇనొస్తది.
నాకైతే అది గిరాకి సప్పుడు.

స్టార్టర్లు తీసేయమంటే సత్తెమ్మ లేసింది.
"నడిరాత్రి కరెంటొస్తే మీట ఎవలెత్తాలె, నువ్వొస్తవా?
నా రెండెకరాల బత్తాయి ఎండినప్పుడు
నీ మీటరు యాడున్నది?"
హర్యాకు జవాబు రాలే. నాకూ రాలే.

మర్నాడు రాత్రి పోయి ఆమె బోరుకాడ కూసున్నడు.
నాడి వట్టినట్టు తీగను పట్టుకొని.
నలభై నిమిషాలకు పైపుల బుస్సుమన్నది,
మీటరుల అంకె జారిపోయింది.
"సత్తెమ్మా, ఇగో సూడు,
నీ మోటరు నీళ్ళు గాదు, గాలి తాగుతున్నది.
తెల్లారేదాక తాగుతది. రోజూ తాగుతది."
ఆమె శానాసేపు అంకె దిక్కే చూసింది.
సదువు రాదు ఆమెకు. తగ్గుడు తెలుసు.
లేసి మీట దించింది.

ఇప్పుడు ఫ్యూజు డబ్బా మూతమీద సుద్దతోని వంతులు.
ఆరుగురివే.
చింతల జంగారెడ్డి ఒప్పుకోలే,
ఇప్పటికీ ఒప్పుకోలే.
ఈ నెల నాకు వచ్చిన మోటర్లు మూడు,
అండ్ల రెండు ఆయనయే.

"నా కడుపు గొట్టినవు గదరా" అన్న.
"కెపాసిటర్లమ్ము మామా" అని నవ్విండు.
అమ్ముతున్న. ఒక్కటి కట్టినంక
మల్ల మూడేండ్లదాక ఎవ్వడూ రాడు.

సందేల షట్టరు దించే ముందు
అలవాటు పోక మాడు వాసనకు ముక్కు ఎగబీలుస్త.
కాలని రాగికి వాసనుండదు.
గోడకున్న కొత్త తీగచుట్ట మీద చెయ్యి వెడ్త.
సల్లగున్నది.
లైటు బంద్ జేసి
ఇంటికి నడుస్త.